ఫౌజీ భార్యకి నిలిచే ఉద్యోగం: రిటైర్మెంట్ ఏడాది నుంచి వెనక్కి లెక్కేసుకోండి

చెల్లీ, మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీకు 26, మీ వారికి 30. ఆయన 19 ఏళ్లకే ఆర్మీలో చేరి ఇప్పుడు సిగ్నల్స్‌లో నాయక్. మీరు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి పలాసలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చెబుతున్నారు, బీఈడీ లేదు. ఇన్నాళ్లకి బఠిండాలో ఫ్యామిలీ క్వార్టర్ దొరికింది, ఆయన రమ్మంటున్నారు. వెళ్తే ఉన్న ఉద్యోగం పోతుంది, వెళ్లకపోతే కాపురమంతా ఫోన్లోనే. బ్యాంకు పరీక్షలా, బీఈడీనా, ఆన్‌లైన్ పనా? ఏది పట్టుకుంటే నిలుస్తుంది?

మా వారు ఈఎంఈలో (ఆర్మీ బండ్లు, యంత్రాల రిపేర్లు చూసే విభాగం) సుబేదారుగా రిటైరయ్యారు. బబీనా, బఠిండా, బిన్నాగురి అన్నీ తిరిగాను. ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో లెక్కలు చెబుతున్నాను, పీజీటీని, అంటే 11, 12 క్లాసుల టీచర్ని. కాబట్టి బడి ఉద్యోగాల గురించి వివరంగా చెప్పగలను, మిగతావి తెలిసినంత మేరకు.

ఈ ప్రశ్న అడిగేవాళ్లంతా తర్వాతి పోస్టింగ్ ఎక్కడన్నది చూసి ఆలోచిస్తారు. మీరు ముందు కాగితం మీద వేరే లెక్క వేయండి. ఎక్స్‌టెన్షన్ కలుపుకుని నాయక్‌కి 24 ఏళ్ల సర్వీసు, హవల్దార్‌కి 26, సుబేదార్‌కి 30. అంటే మీ వారు నాయక్‌గానే ఆగిపోతే 43 ఏళ్లకి, హవల్దార్ అయితే 45కి ఇంటికొస్తారు. 15 ఏళ్లకే పెన్షన్ హక్కు వస్తుంది కనుక ముందే వచ్చేసేవాళ్లూ ఉన్నారు. ఆయన ట్రంకు పెట్టె సర్దుకుని వచ్చే రోజుకి మీ వయసు 39, 41 మధ్య. ఆంధ్రాలో ప్రభుత్వ టీచరు రిటైరయ్యేది 62కి. ఆయన సర్వీసు అయిపోయాక మీకు ఇంకో ఇరవై ఏళ్లు పనిచేసే వయసు ఉందన్నమాట! పిల్లలు ఇంటర్, ఇంజినీరింగ్‌కి వచ్చేది, ఇంటి లోను కట్టాల్సింది సరిగ్గా అప్పుడే. ఆయన పెన్షన్ తెచ్చుకుంటూ, ఇంకో ఉద్యోగం కోసం సెక్యూరిటీ ఏజెన్సీల చుట్టూ, బ్యాంకుల ఎక్స్-సర్వీస్‌మెన్ కోటా చుట్టూ తిరిగే ఆ రోజుల్లో ఇల్లు నిలబెట్టేది మీ జీతమే. అందుకని ఇవాళ ఏది ఎంచుకున్నా, మీకు నలభై వచ్చేసరికి అది చేతిలో గట్టిగా ఉంటుందా అన్న ఒక్క ప్రశ్నతో తూచండి. మధ్యలో ఒకట్రెండేళ్లు ఖాళీ వచ్చినా కొంప మునగదు.

ఈ లెక్కలో చూస్తే పలాస కాలేజీ ఉద్యోగం వదులుకోవడం పెద్ద నష్టం కాదు. కెమిస్ట్రీ లెక్చరర్‌కి ఇంటర్ కాలేజీల్లో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, తిరిగొచ్చినా దొరుకుతుంది. క్వార్టర్ మాత్రం మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. కాబట్టి వెళ్లండి. వెళ్లేముందు ప్రిన్సిపాల్ దగ్గర అనుభవ పత్రం తీసుకోండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ క్లాసులకి, ఏ సబ్జెక్టు చెప్పారో అందులో ఉండాలి. 'మా కాలేజీలో పనిచేశారు, నడవడిక బాగుంది' అని రెండు లైన్లు రాసిచ్చేది ఎక్కడా పనికిరాదు. జీతం చేతికిచ్చే కాలేజీ అయితే ఆఖరి నెలలైనా బ్యాంకులో వేయమనండి. ఇంటర్వ్యూలో అనుభవానికి రుజువు అడిగితే పాస్‌బుక్కే సాక్షి.

ఇక బీఈడీ. మీ చదువుకి నా ఓటు దీనికే, కానీ ఎక్కడ, ఎప్పుడు చేస్తారన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. 2015 నుంచి బీఈడీ రెండేళ్లు. అందులో స్కూలు ఇంటర్న్‌షిప్ ఉంటుంది, హాజరు ఉంటుంది, మధ్యలో కాలేజీ మారడం అయ్యే పని కాదు. బఠిండాలో చేరొచ్చా అంటే, మీ వారి టెన్యూర్, అంటే పోస్టింగ్ గడువు, అక్కడ ఇంకెన్ని నెలలుందో ముందు అడగండి. జవాన్ల విషయంలో జరిగేదేమిటంటే, యూనిట్ పీస్ స్టేషన్‌కి (ఫ్యామిలీని ఉంచుకోగలిగే చోటు) వచ్చాక క్వార్టర్ సీనియారిటీ లిస్టులో పేరు రావడానికే చాలా నెలలు గడిచిపోతాయి. మీరు వెళ్లేసరికి మిగిలేది ఏడాదిన్నర కావచ్చు. అడ్మిషన్ రోజు నుంచి రెండేళ్లు గట్టిగా మిగిలుంటేనే అక్కడ చేరండి. లేకపోతే ఆయనకి ఫీల్డ్ పోస్టింగ్ వచ్చినప్పుడు శ్రీకాకుళం వచ్చి ఎడ్‌సెట్ రాసి చేయండి. ఫీల్డ్‌కి ఫ్యామిలీని తీసుకెళ్లలేరు. ఆ రెండు మూడేళ్లు ఎలాగూ విడిగా ఉండాల్సిందే. నేను చూసిన ఆడవాళ్లలో గట్టిగా నిలదొక్కుకున్నవాళ్లు దాదాపు అందరూ ఫీల్డ్ కాలాన్ని చదువుకి వాడుకున్నవాళ్లే. పీస్‌లో పని, ఫీల్డ్‌లో చదువు. అత్తగారింట్లో ఉండి చదవడం కుదరదనుకుంటే, విడిగా ఉండే కుటుంబాల కోసం సికింద్రాబాద్ లాంటి పెద్ద స్టేషన్లలో ఎస్‌ఎఫ్‌ఏ క్వార్టర్లు ఉంటాయి. ఫీల్డ్ ఆర్డరు వచ్చిన వారంలోనే వాటికి అప్లై చేయించండి, అక్కడా వెయిటింగ్ ఉంటుంది.

బీఈడీ అయితే ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి పీజీటీ దారి తెరుచుకుంటుంది. ఆర్మీ పబ్లిక్ స్కూళ్లని (ఏపీఎస్) నడిపేది ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ (ఏడబ్ల్యూఈఎస్), 1983లో పెట్టారు. దేశమంతా నూటముప్పైకి పైగా స్కూళ్లున్నాయి. టీచరు కావాలంటే ముందు ఆన్‌లైన్ స్క్రీనింగ్ టెస్టు, తర్వాత ఇంటర్వ్యూ, ఆ తర్వాత క్లాసులో పాఠం చెప్పి చూపించాలి, కంప్యూటర్ వచ్చో లేదో కూడా చూస్తారు. ఇక్కడో అపోహ ఉంది. ఒక ఏపీఎస్‌లో చేరితే పోస్టింగ్ వచ్చినప్పుడల్లా ఇంకో ఏపీఎస్‌కి బదిలీ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా నమ్మి కూర్చోకండి. కొత్త స్టేషన్‌లో ఖాళీ ఉందో లేదో మీరే కనుక్కోవాలి, మళ్లీ ఇంటర్వ్యూకి కూర్చోవాలి. చాలాసార్లు దొరికేది కాంట్రాక్టు పోస్టే. మీతో పాటు బదిలీ అయ్యేవి మీ స్కోర్ కార్డు, మీ అనుభవం. ఇంకో మాట, అనుభవం లేని కొత్తవాళ్లకి అక్కడ వయసు 40 లోపు ఉండాలి. 'పిల్లలు కాస్త పెద్దయ్యాక చూద్దాంలే' అనుకునేవాళ్లకి ఆ తలుపు మూసుకునేది సరిగ్గా భర్త రిటైరయ్యే వేళకే.

మీ చెల్లెలో తోడికోడలో ప్రైమరీ టీచరు కావాలనుకుంటే వాళ్లకి బీఈడీ అని చెప్పకండి. ప్రైమరీకి బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. వాళ్లకి కావాల్సింది ప్రైమరీ టీచరు డిప్లొమా, డీఈఎల్‌ఈడీ. సీటెట్ (కేంద్ర టీచరు అర్హత పరీక్ష) అయితే ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది. తెలుగు కూడా ఒక భాషగా ఎంచుకోవచ్చు. పీజీటీకి సీటెట్ అక్కర్లేదు గానీ టీజీటీ (పదో క్లాసు దాకా చెప్పే హైస్కూలు టీచరు) ఖాళీలే ఎక్కువగా పడుతుంటాయి, రాసి పెట్టుకోండి.

కేంద్రీయ విద్యాలయం వస్తే దానికి సాటి లేదు. టీజీటీ అయినా సరే, వదలొద్దు. అవి 1963లో మొదలైందే బదిలీలయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లల కోసం. కంటోన్మెంట్ ఉన్న చోటల్లా దాదాపు కేవీ ఉంటుంది. భార్యాభర్తల్ని వీలైనంతవరకు ఒకే చోట ఉంచాలని 2009 సెప్టెంబరు 30న కేంద్ర సిబ్బంది శాఖ (డీఓపీటీ) ఇచ్చిన ఉత్తర్వు ఉంది, స్పౌజ్ కారణం చూపి బదిలీ అడగొచ్చు. అడిగిన ప్రతిసారీ వస్తుందని కాదు. కేంద్ర ప్రభుత్వంలో ఆడవాళ్లకి పిల్లల కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవు ఉంది. మొదటి 365 రోజులకి పూర్తి జీతం, మిగతా 365కి 80 శాతం. ఆయన ఫీల్డ్‌లో ఉండి, పిల్లాడు టెన్త్‌లో ఉన్న ఏడాది ఆ లీవు విలువ తెలిసొస్తుంది.

డీఎస్సీ సంగతి మీరు అడగలేదు గానీ పలాస అమ్మాయి మనసులో అది లేకుండా ఉండదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు మా యూనిట్ వాళ్ల తెలుగు గ్రూపులో వారం రోజులు ఇదే గొడవ. రాష్ట్ర టీచరు ఉద్యోగం జిల్లా దాటడమే కష్టం, రాష్ట్రం దాటదు. పైన చెప్పిన కేంద్ర ఉత్తర్వు రాష్ట్రాన్ని కట్టిపడేయదు. అందుకని 'ఆయనతో ఉండలేం కదా, ఎందుకు రాయడం' అని కొందరు వదిలేస్తారు. నేనైతే రాయమనే అంటాను. జవానుకి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. మీకు వేసవి, దసరా, సంక్రాంతి సెలవులు. రెండూ కలిపి చూసుకుంటే ఏడాదిలో కలిసుండే రోజులు మరీ తక్కువేం కావు, అదీ ఫీల్డ్ ఏళ్లు తీసేస్తే తేడా ఇంకా తగ్గుతుంది. ఆయన 45కి ఇంటికొస్తారు, మీకు 62 దాకా పర్మనెంట్ జీతం. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం పేరు వినే ఉంటారు, ఇంటింటికీ ఫౌజీ ఉన్న ఊరు. అలాంటి ఊళ్లలో ఆడవాళ్లు ఊళ్లోనే ఉండి సంసారం నడపడం తరాలుగా ఉన్నదే. దాన్ని కాపురం చెడగొట్టుకోవడంగా చూసేవాళ్ల మాట పట్టించుకోకండి. కాకపోతే ఇది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. అత్తగారు, ఆడపడుచు చెప్పి నిర్ణయించేది కాదు.

బ్యాంకు విషయం తొందరగా తేల్చాలి, ఎందుకంటే వయసు ఆగదు. ఐబీపీఎస్ పరీక్షలో పీఓకి (ఆఫీసరు పోస్టు) వయసు 30 దాకా, క్లర్కుకి 28 దాకా, రిజర్వేషన్ ఉంటే కొంత సడలింపు. రెండింటిలో మీరు రాయాల్సింది పీఓనే. క్లర్కు పోస్టు ఒక రాష్ట్రానికి, ఆ రాష్ట్ర భాషకి ముడిపడి ఉంటుంది. ఆంధ్రాకి రాసి వస్తే ఆంధ్రాలోనే, పంజాబ్‌కి రాయాలంటే పంజాబీ రావాలి. అంతర్రాష్ట్ర బదిలీ దొరకడం కష్టం, దొరికినా సీనియారిటీ పోతుంది. గ్రామీణ బ్యాంకు అయితే అసలు రాష్ట్రం దాటదు. ఆఫీసరు పోస్టు దేశమంతా తిరుగుతుంది. అడిగిన మహిళా ఉద్యోగుల్ని వీలైనంత వరకు భర్త ఉన్న చోటికి దగ్గరగా వేయాలని 2014 ఆగస్టులో ఆర్థిక సేవల విభాగం ప్రభుత్వ బ్యాంకులకి సూచించింది. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా ఊరు మారడం బ్యాంకులో మామూలే కనుక, మీ బదిలీ, ఆయన బదిలీ కలిసిరావడానికి కాస్త అదృష్టం కావాలి. బఠిండా వెళ్లిన మొదటి ఏడాది పీఓకి చదవండి. వస్తే వచ్చింది, రాకపోతే రెండో ప్రయత్నంతో ఆపేసి బీఈడీ వైపు తిరగండి. నాలుగేళ్లు కోచింగ్ పుస్తకాలతోనే గడిపేసినవాళ్లని క్వార్టర్లలో చూశాను, చేతిలో బీఈడీ లేదు, అనుభవం లేదు.

ఆన్‌లైన్ పని అంటే డేటా ఎంట్రీ, యూట్యూబ్ వంటల వైపు పోకండి. మీకు చేతిలోనే ఉంది పని. ఈఏపీసెట్, నీట్ రాసే మన పిల్లలకి ఆర్గానిక్ కెమిస్ట్రీ తెలుగులో విడమరిచి చెప్పే మనిషి కావాలి. ఇప్పుడున్న కాలేజీ వాళ్లనే అడగండి, సాయంత్రం డౌట్ క్లాసులు, పరీక్ష పేపర్లు తయారుచేయడం ఆన్‌లైన్‌లో ఇవ్వగలరేమో. జీతం కొంచెమే అయినా అనుభవంలో ఖాళీ రాదు. ఎంత వచ్చినా రిటర్న్ వేయండి. పన్ను పడకపోయినా ఆ కాగితం రేపు లోనుకి, ఇంటర్వ్యూకి పనికొస్తుంది. క్వార్టర్‌లో పిల్లల్ని కూర్చోబెట్టి ట్యూషన్ చెప్పాలంటే మాత్రం ముందు మీ వారి ద్వారా యూనిట్‌లో అడిగి చెప్పించుకోండి. అది సర్కారీ ఇల్లు, గేటు దగ్గర బయటివాళ్లని ఆపుతారు.

ఆన్‌లైన్ విషయంలో ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ట్యూటర్ ప్రొఫైల్లో భర్త ఆర్మీ అనీ, యూనిట్ పేరూ, ఊరూ ఏవీ పెట్టకండి. వాట్సాప్ డీపీలో యూనిఫాం ఫొటో వద్దు. వీడియో క్లాసులో వెనకాల కిటికీ, గేటు కనపడకుండా గోడకి వీపు పెట్టి కూర్చోండి. ఫ్రీలాన్స్ పని ఇస్తామని మంచి డబ్బులు చూపించి, మెల్లగా 'మీ వారు ఎక్కడుంటారు, ఎప్పుడొస్తారు, ఎంతమంది ఉంటారు' అని కూపీ లాగేవాళ్లుంటారు. పని గురించి కాకుండా ఆయన గురించి మొదటి ప్రశ్న రాగానే నంబరు బ్లాక్ చేసి ఆయనకి చెప్పండి. అలాగే రేపు జమ్మూ, ఉధంపూర్ వైపు వెళ్తే బయటి రాష్ట్రం ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకుని వెళ్లండి, లేకపోతే రైలు దిగగానే క్లాసులన్నీ ఆగిపోతాయి.

అందరూ నిర్లక్ష్యం చేసేది పీఎఫ్. స్కూలు మారినప్పుడల్లా, 'చిన్న మొత్తమేగా, సామాన్ల లారీకి పనికొస్తుంది' అని తీసేసుకుంటారు. పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పెన్షన్ రావాలంటే మొత్తం పదేళ్ల సర్వీసు ఉండాలి. అది ఒకే చోట కానక్కర్లేదు, రెండేళ్లు ఇక్కడ, మూడేళ్లు అక్కడ అయినా కలుస్తుంది. తీసేసుకుంటే ఆ ఏళ్లు సున్నా అయిపోతాయి. ఒకే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు) కింద ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటూ పోండి. మధ్యలో ఉద్యోగం లేకపోతే పెన్షన్ సర్వీసుకి స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఆధార్‌లో ఇంటి పేరు పుట్టింటిది, పాన్‌లో అత్తింటిది ఉంటే ఇప్పుడే సరిచేయించండి. టీచర్ల పీఎఫ్ ఎక్కువగా ఆగేది ఆ పేరు తేడా దగ్గరే.

మూవ్ ఆర్డరు వచ్చాక మార్చింగ్ అవుట్ రోజు, అంటే క్వార్టర్ అప్పగించే రోజు, ఎలా ఉంటుందో చెబుతాను. తెల్ల పెయింటుతో పేరు, ర్యాంకు రాసిన నల్ల ట్రంకులు వరండాలో, క్వార్టర్ల మరమ్మతులు చూసే ఎంఈఎస్ మనిషి లోపల ఫ్యాన్లు, ట్యూబులైట్లు, కుళాయిలు లెక్కపెట్టుకుంటూ పగిలిన అద్దానికి డబ్బు రాస్తుంటాడు, పిల్లాడి టీసీ స్కూల్లో, గ్యాస్ సిలిండర్ వాపసు ఇంకోచోట. ఆ హడావిడిలో మీ అనుభవ పత్రం తెచ్చుకోవడం కుదరదు. రెండు నెలల ముందే అడిగి సంతకం చేయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్ల ఫైలు లారీలో వేయకండి, మీ హ్యాండ్‌బ్యాగులో ఉండాలి. బిన్నాగురి వెళ్లేటప్పుడు మా పక్క క్వార్టర్ ఆవిడ ట్రంకు వానలో తడిసి మార్కుల మెమోలన్నీ అంటుకుపోయాయి. డూప్లికేట్‌ల కోసం యూనివర్సిటీ చుట్టూ తిరగడానికే ఆవిడకి ఒక లీవంతా సరిపోయింది.

హిందీ గురించి. క్లాసులో ఇంగ్లిష్ చాలు, కానీ స్టాఫ్‌రూమ్, పేరెంట్స్ మీటింగ్, ప్రిన్సిపాల్ ఇంటర్వ్యూ ఆఖర్లో వేసే నాలుగు మాటలు హిందీలోనే. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ ప్రాథమిక, మధ్యమ రాసి ఉంటే చదవడం, రాయడం వచ్చేసినట్టే, ఇక మాట్లాడటమే. మన తెలుగువాళ్ల ఇళ్లలోనే తిరిగితే అది రాదు. పంజాబీ ఆవిడ దగ్గర కూరలు బేరమాడటం నేర్చుకోండి, మూడు నెలల్లో వస్తుంది.

వెల్ఫేర్ మీటింగులకి వెళ్లండి. అవ్వా (ఆర్మీవాళ్ల భార్యల సంక్షేమ సంఘం) కార్యక్రమాల్లో పరిచయాలవుతాయి, ఏ స్కూల్లో ఖాళీ పడిందో ముందు తెలిసేది అక్కడే. కానీ ఉద్యోగం ఉన్న రోజున డ్యాన్స్ ప్రాక్టీసుకి రమ్మంటే 'మేడమ్, స్కూల్ ఉంది' అని మర్యాదగా చెప్పేయండి. మొదట్లో మొహం మాడ్చుకుంటారు, తర్వాత అలవాటవుతుంది.

మీ చదువు కాని చదువులున్న చెల్లెళ్లు కూడా ఇది చదువుతుంటారు కనుక రెండు ముక్కలు. నర్సింగ్ చేసినవాళ్లు కొత్త రాష్ట్రానికి వెళ్లే ముందే మన కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ పని మొదలుపెట్టాలి, దానికి టైం పడుతుంది. మాజీ సైనికుల కోసం ఉన్న ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లలో కాంట్రాక్టు పోస్టుల ప్రకటనలు కూడా చూస్తుండండి. లాయర్లకి అడ్వొకేట్స్ చట్టం 18వ సెక్షన్ కింద ఒక రాష్ట్ర రోల్ నుంచి ఇంకో రాష్ట్రానికి పేరు ఫీజు లేకుండా మార్చుకునే వీలుంది. డిగ్రీ మధ్యలో ఆగిపోయినవాళ్లు ఇగ్నోలో చేరితే ఊరు మారినా రీజనల్ సెంటర్ మార్చుకుని అదే కోర్సు కొనసాగించవచ్చు.

ఇక మీరు ఈ వారం చేయాల్సింది. మీ వారికి ఫోన్ చేసి బఠిండా టెన్యూర్ ఎప్పటిదాకా, యూనిట్ తర్వాత ఫీల్డ్‌కే వెళ్తుందా అని అడగండి. ఆ రెండు తేదీలు తెలిస్తే బీఈడీ ఎక్కడ చేయాలో తేలిపోతుంది. కాలేజీలో అకడమిక్ ఇయర్ మధ్యలో మానేయకండి, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు అయ్యాక రిలీవ్ అవండి, అనుభవ పత్రంలో పూర్తి ఏడాది పడుతుంది. ఆ తేదీలు తెలిశాక ఇక్కడే కింద రాయండి, ఎడ్‌సెట్‌కి ఏ ఏడాది కూర్చోవాలో లెక్క వేసి చెబుతాను.